మా అమ్మ పారేసిన తెల్ల మాత్రలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నంద్యాలలో ఒక ఆసుపత్రి వరండాలో, రెండు కళ్ళూ పుసులతో అంటుకుపోయి, పెదవుల మీద తోలు ఊడి రక్తం గడ్డకట్టి, వీపుకు పక్కబట్ట అతుక్కుపోయి, గుక్కెడు నీళ్ళు అడగడానికి కూడా నోరు పెగలక పడి ఉన్న మనిషిని నేను. అటుగా వెళ్ళేవాళ్ళు ముక్కుకు బట్ట అడ్డం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. పక్క వార్డులో ఒకాయన నా గురించి మాట్లాడుతూ, ఈ మనిషి ఇంటికి తిరిగి పోయేది కష్టమేనని అనడం నా చెవులతో నేనే విన్నాను, ఎందుకంటే ఆ దినాల్లో నాకు మిగిలినవి చెవులు మాత్రమే. ఈ పొద్దు నా మాటలు మన సంఘపు పత్రికలో మీరు చదువుతున్నారంటే దేవునికే మహిమ!

నా పేరు సమూయేలు, మాది ఆళ్ళగడ్డ, బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీని. ఆళ్ళగడ్డలో, నంద్యాలలో మీరు నడిచే ఇళ్ళలో కొన్నిటి నేల నా చేతిదే అయి ఉంటుంది. నాకు చదువు తక్కువ, అందుకని నేను చెబుతుంటే నా భార్య రూతమ్మ రాస్తోంది. తప్పులుంటే ఆమెవి, ఒప్పులుంటే నావి అన్నాను, దానికి ఆమె కలం ఆపి నా వైపు ఒక చూపు చూసింది, ఆ చూపు కూడా రాయమన్నాను.

మా ఇంట్లో నేనే మొదటి విశ్వాసిని. బాప్తిస్మం తీసుకోకముందు నా పేరు నరసింహులు. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు, మా అమ్మ సుంకమ్మ కూలికి పోయి, కలుపు తీసి, శనక్కాయలు ఒలిచి నన్ను ఒక్కణ్ణీ సాకింది. నాకు పద్దెనిమిదేళ్ళ వయసులో ఒళ్ళంతా బొబ్బలు వచ్చి చావు దాకా వెళ్ళి వచ్చాను. అప్పటికి దేశంలో పెద్ద మశూచి ఇంకా ఉండేది, ఒంటి మీద బొబ్బ కనిపిస్తే చాలు, అమ్మవారు పోసింది అనేవాళ్ళు. మా అమ్మా అదే అనుకుంది, నన్ను వేపాకుల మీద పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండ కట్టి, ఊరి బయట ఉన్న అమ్మవారి రాయికి మొక్కుకుంది. నేను బతికాను. ఇక అప్పటినుంచి మా అమ్మకు అదే కథ, నీళ్ళ దగ్గర అదే, కూలి దగ్గర అదే, చుట్టాలొస్తే అదే, అమ్మవారు నా బిడ్డను నాకు తిరిగి ఇచ్చింది అని. ఆ జబ్బు గురించి నాకు గుర్తున్నది మంట ఒక్కటే, మిగతాదంతా ఆమె చెబుతుంటే విన్నదే, అది కూడా సగం సగం విన్నదే.

ప్రభువు నన్ను పిలిచాక పాస్టరయ్య నాకు బోధించినదేమంటే, క్రీస్తులో ఉన్నవాడికి పాత బతుకు పోయిందని, అంతా కొత్తదైందని. నేను ఆ మాటను మేస్త్రీ బుద్ధితో పట్టుకున్నాను. పాత బండ పగిలితే మేము దాని మీదే కొత్త బండ వేయం, పాతదాన్ని పెకలించి అవతల పారేసి, ఇసుక చదును చేసి కొత్తది వేస్తాం. నా బతుకులో కూడా అట్లాగే చేయాలనుకున్నాను. పాత పేరు తీసేశాను, పాత సావాసాలు వదిలేశాను, మా అమ్మను మాత్రం కూర్చోబెట్టి, ఆ అమ్మవారి కథ ఇంక నా ఇంట్లో చెప్పద్దని ఖండితంగా చెప్పాను. రూతమ్మ పుట్టు విశ్వాసుల ఇంటి పిల్ల, ఆమె ముందు, సంఘం ముందు ఆ కథ ఎక్కడ వస్తుందోనని నాకు తల కొట్టేసినట్టుండేది. మా అమ్మ నేల చూస్తూ, సరే నాయనా చెప్పనులే అంది. అన్న మాట తప్పలేదు. రెండు వీధుల అవతల తన పాత ఇంట్లోనే ఉంటూ, రోజూ వచ్చి నా పిల్లలను ఎత్తుకుని పోయేది, వాళ్ళకు ఎన్ని కథలు చెప్పినా ఆ ఒక్క కథ మాత్రం చెప్పలేదు.

ఇట్లా ఏండ్లు గడిచాయి. దేశంలో మశూచి లేకుండా పోయిందని గోడల మీద రాశారు. ఎనభైల మొదట్లో ఒక వానాకాలం, ఒక మిల్లులో బండలు పరుస్తూ నాలుగైదు దినాలు తడి నేల మీదే మోకాళ్ళూని పని చేశాను. చలిజ్వరం పట్టుకుంది, నడుము పక్కన పోటు, ఒంటికి పోతే మంట. ఊళ్ళో మందులకు తగ్గలేదు. నంద్యాలలో ఆసుపత్రికి పోదామని రూతమ్మ పట్టుబట్టింది. మా అమ్మకు తెలిస్తే అమ్మవారి దగ్గరికి పరుగెత్తుతుందని భయం నాకు, అందుకని నంద్యాలలో బండల పని ఉంది, కొన్నాళ్ళు పడుతుందని చెప్పి, పిల్లలను రూతమ్మ అక్క దగ్గర వదిలి, ఇద్దరం బస్సెక్కాం.

ఆ ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పి ఎవరికీ చెడ్డపేరు తేను, ఎందుకంటే అక్కడి డాక్టరమ్మ నన్ను అడగవలసినది మొదటిరోజే అడిగింది. మంచం పక్కన నిలబడి, ఇంతకుముందు ఏ మందైనా నీ ఒంటికి పడకుండా పోయిందా, ఏ సూదికైనా ఏ మాత్రకైనా దద్దుర్లు, బొబ్బలు వచ్చాయా అని నిదానంగా అడిగింది. నేను లేదమ్మా అన్నాను. సహోదరులారా, నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. బొబ్బలు అన్న మాట వినగానే పద్దెనిమిదేళ్ళ వయసునాటి సంగతి మనసులో మెదిలింది, కానీ అది అమ్మవారి సంగతి, మందుల సంగతి కాదు, అది నరసింహులు సంగతి, సమూయేలు సంగతి కాదు అనుకున్నాను. డాక్టరమ్మ రాసుకుని, మూత్రంలో చీము ఉందని చెప్పి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకోమని సల్ఫా మాత్రలు ఇచ్చింది.

మా విశ్వాసుల ఇళ్ళల్లో మందు ఊరికే మింగరు. రూతమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని, నా తల మీద ఇంకో చేయి వేసి ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు:

“ప్రభువా, ఈ మందును నీ చేతితో ముట్టి పంపించు. ఇది నీ దాసుని ఒంట్లోకి నీ స్వస్థతగా పోనీ. ఈ వార్డులో ఉన్నవాళ్ళందరూ నీ కార్యాన్ని చూడనీ. ఆమేన్.”

జ్వరం దిగింది. నడుము పోటు తగ్గింది. నేను మంచం మీద లేచి కూర్చుని వార్డంతటికీ వినపడేటట్టు సాక్ష్యం చెప్పాను, నేను మొదట ఎవరిని, ప్రభువు నన్ను ఎట్లా పిలిచాడు, ఈ మాత్రల్లో ఆయన చేయి ఎట్లా పని చేసింది అని. పక్క మంచంలో మా ఆళ్ళగడ్డ గాజుల వ్యాపారి ఖాదర్ సాహెబు ఉన్నాడు, పేగు జారే గిలక జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నాడు, నవ్వితే కుట్లు నొప్పి పుడతాయని నవ్వకుండా తల ఊపుతూ అంతా విన్నాడు. చాలా సంతోషంగా ఉన్న దినాలు అవి.

తర్వాత ఒక పొద్దున పెదవులు చురచురమన్నాయి. ముందురోజు తిన్న గోంగూర కారమేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది. మరుసటిరోజు రొమ్ము మీద ఎర్రెర్రని మచ్చలు లేచాయి, అవి నల్లబడి బొబ్బలయ్యాయి, జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి ముందుకంటే పెద్దగా వచ్చింది. డాక్టరమ్మ పని మీద కర్నూలుకు వెళ్ళి ఉంది. రెండో డాక్టరు ఆపరేషన్ల వైపు, ఈ వార్డు వైపు ఒక్కడే పరుగెత్తుతున్నాడు, గుమ్మం దగ్గర నిలబడి చూసి ఆటలమ్మ అయి ఉంటుందన్నాడు, పక్కవాళ్ళకు అంటకుండా నన్ను వరండా చివర మంచానికి మార్పించాడు. మాత్రలు ఆపమని గానీ వేయమని గానీ చెప్పలేదు. అవి రూతమ్మ దగ్గర డబ్బాలో ఉన్నాయి.

ఆటలమ్మ అన్న మాట వినపడగానే వార్డంతా కదిలింది. ఒక ఆయా వచ్చి, అమ్మ వచ్చినప్పుడు మందులు మింగకూడదు, అమ్మకు కోపమొస్తుంది, ఆ మాత్రలు ఆపండి అని చెప్పింది. ఎవరో వేపమండ తెచ్చి నా మంచం కాళ్ళ దగ్గర పెట్టారు. ఇదీ నా పరీక్ష అనుకున్నాను నేను! మొన్నమొన్ననే కదా ఈ వార్డులో కూర్చుని నా ప్రభువు తప్ప నాకు వేరే దిక్కు లేదని చెప్పాను, ఇవాళ మాత్ర ఆపితే అమ్మవారికి భయపడి ఆపినట్టే కదా, వీళ్ళందరి ముందు ప్రభువు నామానికి అవమానమే కదా! వేపమండ తీసేయమని సైగ చేశాను. రూతమ్మ ఆయాతో, మాకు అమ్మవారు లేదు, మేము మందు ఆపే వాళ్ళం కాదు అని గట్టిగా చెప్పింది. ఆ పూట మాత్రకు ఇంకొంచెం పెద్ద గొంతుతో ప్రార్థన చేశాం.

నోరంతా పూసిపోయి మాత్ర దిగకపోతే, రూతమ్మ దాన్ని పొడి చేసి తేనెలో కలిపి నాలుక మీద రాసింది. ఈ మాట రాసేటప్పుడు ఆమె కలం పక్కన పెట్టి లేచి పోయింది, కొంచెంసేపటికి ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. రాయి రూతమ్మా అన్నాను. నువ్వు ప్రేమతో పెట్టావు, నేను విశ్వాసంతో మింగాను, మనకు తెలిసింది అంతే.

ఖాదర్ సాహెబును ఇంటికి పంపించే రోజు వచ్చింది. ఆయన వరండా దాకా నడిచి వచ్చి నన్ను చూశాడు. అప్పటికి నాకు కళ్ళు కనపడటం లేదు, ఆయన గొంతు మాత్రం తెలిసింది. మీ అమ్మకు చెప్పంపినారా అని అడిగాడు. రూతమ్మ లేదంది, ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని. ఆయన అడుగుల చప్పుడు వరండా మెట్లు దిగి పోయింది.

ఆ పగలు, ఆ రాత్రి నేను పడిన బాధ నా పగవాడికి కూడా కోరను. పడుకుంటే వీపు మంట, కూర్చుంటే తోలు జారిపోతున్నట్టు నొప్పి, ఉమ్మి మింగాలంటే ఒక పెద్ద పని. పట్టపగలు కూడా నాకు చీకటే. బయట గడియారం కొట్టేది, బస్సులు పోయే చప్పుడు వినపడేది, జనం తినేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు, నేను మాత్రం లోపల లోపల ప్రభువుతో జగడం పెట్టుకున్నాను. నీ కోసం నిలబడ్డాను కదయ్యా, నన్నే ఎందుకు కాలుస్తున్నావు అని అడిగాను. అడిగి అడిగి అలసిపోయి, చివరికి జగడం మాని ఇట్లా ప్రార్థన చేశాను:

“ప్రభువా, నాకు తెలియనిది ఏదో ఉంది. దాన్ని నాకు చూపించమని అడగడానికి నాకు కళ్ళు లేవు. ఎవరి నోటితోనైనా చెప్పించు. నువ్వు ఎవరిని పంపించినా వింటాను.”

ఎవరిని పంపించినా అన్నాను గానీ, నా మనసులో ఉన్నది పాస్టరయ్యే. ఆయన వచ్చి తల మీద చేయి పెట్టి ఏదో ఒక దర్శనం చెబుతాడని ఎదురు చూశాను.

మరునాటి ఉదయం వరండాలో అడుగుల చప్పుడు వినపడింది. ఆ నడక నేను పుట్టినప్పటినుంచి ఎరిగిన నడక. ఖాదర్ సాహెబు ఇంటికి పోతూనే చేతిలోని సంచి కూడా దించకముందే మా అమ్మ గుమ్మం తట్టాడట. ఒక తల్లికి చెప్పకుండా నేనెట్లుంటానప్పా అని తర్వాత నాతో అన్నాడు. వచ్చింది మా అమ్మ, పసుపు తెచ్చి ఉంటుంది, వేపాకు తెచ్చి ఉంటుంది, ఇంక అందరి ముందు అమ్మవారి పేరు ఎత్తుతుంది అనుకున్నాను. మా అమ్మ ఏమీ తేలేదు. నన్ను చూసి ఒక్క అరుపు కూడా అరవలేదు. నేల మీద కూర్చుని, బొబ్బ లేని చోటు ఎక్కడుందో వెతికి వెతికి, నా కుడి మడమ మీద చేయి పెట్టి, అట్లాగే ఉండిపోయింది.

అదే పూట కర్నూలు నుంచి వచ్చిన డాక్టరమ్మ రౌండుకు వచ్చింది. దుప్పటి తీసి చూసి ఆమె గొంతు మారిపోయింది. ఎప్పుడు మొదలైంది, మొదట ఎక్కడ వచ్చింది, నోట్లోనా ఒంటి మీదా అని గబగబా అడిగింది. రూతమ్మ చెప్పింది. మొదటిరోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది, ఇతనికి ముందెప్పుడైనా ఇట్లా వచ్చిందా అని. రూతమ్మ లేదంది, ఆమెకు తెలిసింది అంతే మరి. అప్పుడు నా మడమ మీద ఉన్న చేయి కదిలింది. మా అమ్మ నోరు తెరవబోతోందని నాకు అర్థమైంది, ఇంట్లో ఎప్పుడు ఆ మాట వస్తుందనిపించినా నేను ఎట్లా చేయి ఎత్తి ఆపుతానో అట్లాగే, ఆ తోలు ఊడిన చేయి ఎత్తాను.

మా అమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆగినట్టే ఆగిపోయింది. డాక్టరమ్మ ఏమీ అర్థంకాక నిలబడింది. అప్పుడు మా అమ్మ చాలా మెల్లగా నన్ను అడిగింది.

“చెప్పాల్నా వద్దా నాయనా? నువ్వు వద్దంటే చెప్పను.”

సహోదరులారా, కన్నతల్లి, కొడుకు కళ్ళ ముందు చచ్చిపోతుంటే, కొడుకుకు ఇచ్చిన మాట కోసం అనుమతి అడిగింది. నా ప్రార్థన నాకు గుర్తొచ్చింది. ఎవరిని పంపించినా వింటాను అన్నాను. ఆయన పంపించింది ఈమెను. నా చేయి కిందికి దించాను.

మా అమ్మ చెప్పింది. ఆమె మాటలు నేను ఎన్నడూ మరిచిపోను, రూతమ్మా, ఆమె అన్నట్టే రాయి.

“పద్దెనిమిదేండ్లప్పుడు ఇట్లనే వచ్చినాదమ్మా వీనికి. రక్తబేదులు పోతాంటే ఆళ్ళగడ్డలో ఒక కంపౌండరు తెల్ల మాత్రలిచ్చినాడు. మింగినాక నోరు పూసె, కండ్లు మూసుకపాయె, ఒళ్ళంతా బొబ్బలు. అమ్మ పోసిందని, మందులుంటే తల్లికి కోపమని, మాత్రలన్నీ తీసకపోయి పెంటగుంతలో పారేస్తి. యాపాకుల మీద పండబెడితి. అమ్మ ఇడిచిపెట్టె.”

డాక్టరమ్మ ఒక్కటే అడిగింది, మాత్రలు ముందా, బొబ్బలు ముందా అని. మా అమ్మ తడుముకోలేదు.

“మాత్రలే ముందు. బేదులకని ఇచ్చినాడు గదా, అప్పటికి ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.”

డాక్టరమ్మ రూతమ్మ చేతిలోని డబ్బా లాక్కుంది. ఇంక ఒక్క మాత్ర కూడా, ఒక్క పొడి కూడా ఇతని నోట్లో పడకూడదు అంది. ఆ తెల్ల మాత్రలూ ఈ మాత్రలూ ఒకే జాతివి అయి ఉంటాయి, ఇది ఆటలమ్మా కాదు ఏ అమ్మా కాదు, కొందరి ఒంటికి ఈ మందు పడదు, పడనివాళ్ళకు అది లోపలినుంచి తోలును కాల్చినట్టు కాలుస్తుంది, తెలియక మళ్ళీ మళ్ళీ ఇస్తే ప్రాణం తీస్తుంది అని చెప్పింది. అప్పుడు నువ్వు ఆ మాత్రలు పారేయబట్టే నీ కొడుకు బతికాడమ్మా అంది మా అమ్మతో. అమ్మ శాంతించింది తల్లీ అని మా అమ్మ అంటే, ఎవరు శాంతించినా సరే, మాత్రలు ఆగడం వల్ల బతికాడు, ఇప్పుడూ ఆపుదాం, ఆ తర్వాత ఎట్లుంటుందో చూద్దాం అంది. మంచి చేయి ఉన్న మనిషి, మంచి నోరు కూడా ఉన్న మనిషి. ప్రభువు ఆమెను దీవించును గాక.

మాత్రలు ఆగగానే లేచి నడిచానని చెప్పను. చెబితే అది సాక్ష్యం కాదు. ప్రమాదం దాటలేదని డాక్టరమ్మ ఏ దాపరికం లేకుండా చెప్పింది. పక్కబట్ట తోలుకు అతుక్కుంటోందని అరటాకులు తెప్పించి, కడిగి పరిచి వాటి మీద పడుకోబెట్టారు. సిస్టర్లు ఉప్పునీళ్ళతో కళ్ళు కడిగేవాళ్ళు. ఒక పక్క రూతమ్మ, ఒక పక్క మా అమ్మ, కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి చుక్క చుక్కగా నా నోట్లో వదిలేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఒకరినొకరు జాగ్రత్తగా పలకరించుకున్న అత్తాకోడళ్ళు ఆ అరటాకుల దగ్గర ఒకరి చేతిలో చెంబు ఒకరు అందుకుంటూ కలిసిపోయారు. నడుమ ఒకరోజు ఎగశ్వాస వచ్చి, ఇంక కావలసినవాళ్ళకు చెప్పుకోండి అనే దాకా వచ్చింది. పాస్టరయ్య, సంఘం పెద్దలు ఆళ్ళగడ్డ నుంచి వచ్చారు, నన్ను తాకకూడదు కాబట్టి వరండా మెట్ల కింద నేల మీదే మోకరించారు. ఇంటి దగ్గర సంఘమంతా ఉపవాసం ఉంది. ఎండలో కూర్చుని వాళ్ళు పాడుతుంటే మా అమ్మ కూడా వాళ్ళ వెనకాల పోయి కూర్చుందని రూతమ్మ చెప్పింది. ఏమని మొక్కిందో నేను అడగలేదు.

ఆ సాయంత్రానికి ఊపిరి నెమ్మదించింది. మరికొన్ని దినాలకు జ్వరం విడిచింది, మాడిన తోలు కింద లేత తోలు ఎర్రగా కనపడింది. ఒక ఉదయం సిస్టరు కళ్ళు కడిగి, మెల్లగా తెరువు అంటే తెరిచాను. వెలుగు! సహోదరులారా, మీరు రోజూ చూసే మామూలు వెలుగే, వరండా కమ్ముల మీద పడిన వెలుగు, దాన్ని చూసి నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. కుడి కన్ను బాగా వచ్చింది. ఎడమ కన్ను ఇప్పటికీ మసకే, గోళ్ళన్నీ ఊడి వంకరగా మొలిచాయి, బండ అంచు పట్టుకున్నప్పుడల్లా అవి నాకు తెలుస్తాయి. ప్రాణం మాత్రం నాకు దక్కింది. స్తోత్రం!

ఇంటికి పంపించే రోజు డాక్టరమ్మ నాకు ఒక మాట చెప్పింది. ఇట్లాంటివి ఏదో ఒక వార్డులో ఎవరికో ఒకరికి వస్తూనే ఉంటాయి, రోగి చెప్పడు, మాకు నిలబడి అడిగే తీరిక ఉండదు, ఏ మందు చేసిన పనో తెలియకుండానే కొందరు పోతారు, నువ్వు ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కినా ముందు ఈ సంగతి చెప్పు, తర్వాత నీ పేరు చెప్పు అంది. అట్లాగే చేస్తున్నాను. పన్ను నొప్పికి పోయినా మొదట అదే చెబుతాను, పద్దెనిమిదేళ్ళ వయసునాటి సంగతితో మొదలుపెట్టి చెబుతాను. అందులో నరసింహులు పేరు వస్తుంది, అమ్మవారి పేరు కూడా వస్తుంది, రానీ. నా పాత బతుకు కూడా ప్రభువు ఎరిగినదే, దాన్ని నేను దాచిపెడితే ఆయనకేమీ మహిమ రాదు. మన సంఘంలో ఇప్పుడు జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థనకు పోయినప్పుడు పాస్టరయ్యే ముందు అడుగుతున్నారు, నీకు పడని మందు ఏదైనా ఉందా, డాక్టరుకు చెప్పావా అని. మందు మింగాక ఒంట్లో ఏదైనా తేడా కనపడితే, ప్రార్థన చేసిన మందు కదా అని ఊరుకోకండి, పరుగున పోయి చూపించండి. మందు ఇచ్చే చేతిని నడిపించేవాడు ఆపే చేతిని కూడా నడిపిస్తాడు.

ఇంక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మా అమ్మను మా ఇంట్లోనే ఉండమన్నాం, వచ్చింది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె పంచలో శనక్కాయలు ఒలుస్తుంటే నేను పక్కన కూర్చుని ప్రభువు గురించి చెప్పాను, ఆయన మనల్ని తల్లి కడుపులో పడకముందే ఎరుగును అని చెప్పాను. ఆమె ఒలుస్తూనే అడిగింది, అట్లయితే నీకు పద్దెనిమిదేండ్లప్పుడు కూడా నిన్ను ఎరిగినోడేనా అని. ఎరిగినోడే అమ్మా అన్నాను. మరి ఆ పొద్దు నువ్వు మంటకు అరుస్తాంటే ఆయన యాడుండె అంది. నీ పక్కనే ఉండె, నీ చేత ఆ మాత్రలు పారేయించింది ఆయనే అన్నాను, నాకు తెలిసిన జవాబు అదే, దాన్ని నిండు మనసుతో చెప్పాను. మా అమ్మ చేతులు ఆగిపోయాయి.

“నా పక్కనే ఉండె అంటావే, నాకొక మాట చెప్పకపాయె గదా నాయనా. నేనొక్కదాన్నే ఉన్న్యాననుకుంటి” అంది.

మొగుడు లేని ఆడది, చచ్చిపోతున్న ఒక్క కొడుకు, అంటుకుంటుందని గడప తొక్కని చుట్టుపక్కలవాళ్ళు, వేపాకులు మార్చుకుంటూ ఆ గుడిసెలో ఆమె ఎట్లా కూర్చుందో నేను అంతకుముందు ఎన్నడూ తలచుకోలేదు. ఆమె ఒడిలోంచి దోసెడు కాయలు తీసుకుని పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. కాయలన్నీ అయిపోయేదాకా ఆమె పక్కనుంచి లేవలేదు.

సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరైనా ఈ పొద్దు ఏదో ఒక మంచం పక్కన అట్లా కూర్చుని ఉన్నారేమో నాకు తెలియదు. ఆయన మీ పక్కనే ఉన్నాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, నమ్మండి. మీ మాట ఆయనకు చెప్పండి, ఆయన ఎవరిని పంపించినా వినండి. అంతకంటే ముందు, మీ వీధిలో అట్లా ఒక్కరే కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి, ఆయన ఉన్నాడని వాళ్ళకు తెలిసేది అప్పుడే. మా అమ్మ కోసం ప్రార్థన చేయండి. నన్ను రెండుసార్లు బతికించిన దేవునికే మహిమ, ఆమేన్.